కోనసీమలో పాత బట్టల కొట్లు షాపింగ్ మాల్స్ ముందు ఎందుకు నిలవలేకపోతున్నాయి?

ధర ఒక్కటే కాదండి, అసలు దెబ్బ ఖాతా పుస్తకానికి తగిలింది. డెల్టాలో రైతు చేతికి డబ్బొచ్చేది సార్వా, దాళ్వా కోతలయ్యాకే. అందాకా పెళ్లిబట్టలు అరువిచ్చేది తెలిసిన షావుకారే. పరుపు మీద కూర్చోబెట్టి, పాతిక చీరలు విప్పి పరిచి, చివర్లో జాకెట్టు ముక్క ఊరికే ఇచ్చేవాడు. కార్డులు, ఈఎంఐలు వచ్చాక ఆ అరువుతో పనిలేకపోయింది.

మాల్స్ వాళ్లు పది ఊళ్లకి సరిపడా సరుకు సూరత్‌లాంటి చోట ఒకేసారి కొంటారు. బేరమంతా అక్కడే ఆడేస్తారు, మనకేం మిగల్చరు! 2017 జులైలో బట్టలమీదా జీఎస్టీ వచ్చి, చిట్టా లెక్కల కొట్లకి బిల్లుల తలనొప్పి తోడైంది.

రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ మార్కెట్ సంగతి వేరు. అక్కడ సరుకెత్తేది చిన్న ఊళ్ల వ్యాపారులు. నా లెక్కలో ఎక్కువ నలిగింది అమలాపురం, రావులపాలెం లాంటి చోట్ల చిల్లర కొట్లే.