జర్మనీలో ఉద్యోగం వస్తే 27 దేశాలూ మనవేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీ ఫార్మసీ చదివింది. జర్మనీలో మాస్టర్స్ సీటు వచ్చింది, లోన్ తీసుకుంటున్నాం. యూరప్ అంతా ఒకటే మార్కెట్ కాబట్టి చదువయ్యాక 27 దేశాల్లో ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చని కన్సల్టెన్సీ వాళ్ళు అంటున్నారు. నిజమేనా? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: లోన్ కాగితాల మీద సంతకం పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారండీ. వాళ్ళు చెప్పింది సరుకు విషయంలో చాలావరకు నిజం, మీ అమ్మాయి విషయంలో కాదు.

జీఎస్టీ రాకముందు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలు ఎలా బారులు తీరేవో మీకు గుర్తుండే ఉంటుంది. మీరు చెప్పిన 27 దేశాల కూటమి పేరు యూరోపియన్ యూనియన్ (ఈయూ). దాని సభ్యదేశాల మధ్య అలాంటి కస్టమ్స్ తనిఖీలు 1993 జనవరి 1 నుంచి లేవు. సరుకు, సేవలు, పెట్టుబడి, మనుషులు ఈ దేశాల మధ్య అడ్డు లేకుండా తిరగాలన్నది ఒప్పందం. యూనియన్‌లో లేని నార్వే కూడా ఈ మార్కెట్‌లో ఉంది.

సుంకాలు తీసేసినంత మాత్రాన పని జరగలేదు. ఫ్రాన్స్‌లో తయారైన కాసిస్ అనే మద్యంలో ఆల్కహాల్ 25 శాతం కన్నా తక్కువ ఉందని జర్మనీ అమ్మకానికి ఒప్పుకోలేదు. 1979లో యూరప్ కోర్టు అది చెల్లదంది. ఒక దేశంలో నిబంధనల ప్రకారం అమ్ముతున్న వస్తువును గట్టి కారణం లేకుండా ఇంకో దేశం ఆపకూడదని తేల్చింది. నా దృష్టిలో ఈ మార్కెట్‌కి అసలు పునాది ఆ తీర్పే.

ఇక మనుషుల సంగతి. ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే హక్కు ఆ దేశాల పౌరులది. భారత పాస్‌పోర్టుతో వెళ్ళే మీ అమ్మాయికి జర్మనీ ఇచ్చేది జర్మనీలో పనిచేసే అనుమతి. దాంతో మిగతా షెంగెన్ దేశాలకు (తమ మధ్య సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేసుకున్న దేశాలు) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు వెళ్ళి రావచ్చు, అక్కడ ఉద్యోగంలో చేరడానికి మాత్రం పనికిరాదు. ఉన్నత చదువులు చదివిన విదేశీ నిపుణులకు ఇచ్చే 'ఈయూ బ్లూ కార్డ్' అనే ఉద్యోగ అనుమతి వస్తే కొంత వెసులుబాటు ఉంటుంది. 12 నెలలు దాటాక ఇంకో దేశంలో ఉద్యోగం దొరికితే అక్కడ మళ్ళీ బ్లూ కార్డ్‌కి అప్లై చేసుకోవచ్చు. డెన్మార్క్, ఐర్లాండ్ ఈ పథకంలోనే లేవు.

అలాగని టెన్షన్ పడకండి. ఆమె చదివిన ఫార్మసీకి ఈ మార్కెట్‌తో దగ్గరి సంబంధం ఉంది. హైదరాబాద్‌లో తయారైన మాత్రల బ్యాచ్ యూరప్‌లో దిగగానే మందుల షాపుకి వెళ్ళదు. 'క్వాలిఫైడ్ పర్సన్' అనే నిపుణులు దాన్ని సరిచూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక, మందుకు అనుమతి ఉన్న మరో సభ్యదేశంలో అదే బ్యాచ్‌ను మళ్ళీ తనిఖీకి పెట్టరు. ఈ నిబంధనలు క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు అక్కడి కంపెనీలకూ కావాలి, యూరప్‌కి ఎగుమతి చేసే మన హైదరాబాద్ కంపెనీలకూ కావాలి. అందుకే సీటు ఖాయం చేసుకునే ముందు సిలబస్‌లో రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల వ్యవహారం), క్వాలిటీ అష్యూరెన్స్ (నాణ్యత చూసే పని) ఉన్నాయో లేదో చూడమనండి. జర్మన్ క్లాసులు కూడా ఈ నెలలోనే మొదలుపెట్టించండి. కోర్సు ఇంగ్లిష్‌లో నడిచినా, అక్కడి ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల రోజువారీ రికార్డులు జర్మన్‌లోనే రాస్తారు.