పెద్ద వాషింగ్ మెషిన్ క్లచ్ వేడెక్కాక వదిలేస్తుంటే, కాయిల్ మార్చే ముందు ఇది చూడండి

కావలి నుంచి ఒకన్న అడిగాడు, లాడ్జి దుప్పట్లు ఉతికే పాత రెండు మోటర్ల మెషిన్ పొద్దున బాగానే తిరుగుద్ది, నాలుగు లోడ్లు పడ్డాక వాష్‌లో మోటర్ తిరుగుతానే ఉంటది కానీ డ్రమ్ము ఆగిపోద్ది, స్పిన్ మాత్రం బాగానే ఉంది, మెకానిక్ క్లచ్ కాయిల్ (కరెంటు పెడితే అయస్కాంతమై, మోటర్ తిరుగుడు డ్రమ్ముకి అందేలా క్లచ్‌ని పట్టించే తీగచుట్ట) పోయింది మార్చమంటున్నాడు, మార్చాలా అని.

అన్నా, అప్పుడే మార్చొద్దు. నేను నెల్లూరు పొగతోటలో ఒక ఆసుపత్రి లాండ్రీ మెయింటెనెన్స్ చూస్తాను, మాకూ అచ్చం ఇట్టాగే అయింది, అప్పటికే కొత్త కాయిల్ వేసున్నారు, అయినా మధ్యాహ్నానికి డ్రమ్ము ఆగేది. కాయిల్ వైరు పీకి మీటర్ పెడితే 24 వోల్టులు నిండుగా చూపిచ్చేది, అందుకే సప్లై బాగుంది కాయిలే పోయిందనుకున్నారు. అసలు తిరకాసు అక్కడే ఉంది. మీటర్ కరెంటు లాగదు కాబట్టి కాంటాక్ట్, అంటే కరెంటు దాటే అతుకు, ఎంత పాడైనా దానికి ఫుల్ వోల్టేజే కనపడద్ది, కాయిల్ తగిలిస్తే పడిపోద్ది. మాది వైరు తగిలిచ్చి చూస్తే 9 వోల్టులే ఉంది. టెర్మినల్ దగ్గర లగ్గు, అంటే వైరు చివర బిగించే లోహపు ముక్క, పచ్చగా చిలుం పట్టిపోయుంది, బ్లీచింగ్ ఆవిరి, ఆ తడి, మన ఉప్పుగాలి, ఇంకేం మిగులుద్ది.

కాబట్టి మెయిన్ ఆపి, కాయిల్ టెర్మినళ్ళకే మీటర్ క్లిప్పులు పెట్టి, వైర్లు బెల్టుకి తగలకుండా బయటికి తెచ్చి, మూత మూసి, అప్పుడు ఆన్ చేసి డ్రమ్ము ఆగే టయానికి రీడింగ్ చూడండి. క్లచ్ నేమ్‌ప్లేటు మీద 24 అని ఉంటే 24కి దగ్గర్లో రావాలి. సుమారు సగమే వస్తే ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్‌లో ఒక డయోడ్ ఓపెన్ అయ్యుండొచ్చు, అంటే తెగిపోయి కరెంటు పోనీకపోవచ్చు, క్లచ్ గుయ్యిమంటా ఉంటది. ఇంకా తగ్గినా, అసలు రాకపోయినా వెనక్కి పోతా ఫ్యూజు, రిలే, టైమర్ కాంటాక్టులు చూడాల. మూసుకున్న కాంటాక్ట్ రెండు వైపులా మీటర్ పెడితే దాదాపు సున్నా ఉండాలి, అక్కడే నాలుగైదు వోల్టులు కనపడితే దొంగ దొరికినట్టే.

వోల్టేజ్ నిండుగా ఉండి కూడా పట్టకపోతే అప్పుడు కాయిల్ మీదికి రండి, కరెంటు ఆపి, ఒక వైరు తీసి, వేడి మీద ఉన్నప్పుడే కాయిల్ ఓమ్స్ (రెసిస్టెన్స్) కొలవండి, చల్లారాక కొలిస్తే ఏం తెలీదు. ఎంత రావాలంటే, నేమ్‌ప్లేటు మీది వోల్టేజ్‌ని వోల్టేజ్‌తో గుణించి వాట్లతో భాగించండి, 24 వోల్టులు 40 వాట్లయితే 14.4 ఓమ్స్, వేడికి 17 దాకా పోయినా పర్లేదు, ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే మాత్రం మీ మెకానిక్ చెప్పిందే నిజం, మార్చేయండి. బాడీకి లీకేజ్ ఉందేమో మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) కూడా చూపించండి.

ఓమ్స్ కూడా సరిగ్గా ఉంటే ఇక అది కరెంటు సంగతి కాదు, క్లచ్ ప్లేట్లు అరిగి మధ్యన గ్యాప్ పెరిగుండొచ్చు, ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) కొలిచి మాన్యువల్‌లో ఉన్న కొలతకి సర్దితే సరిపోద్ది.