పాత కారు కొనే ముందు కింద పడుకుని చూడండి
పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు

పండగ ముందు వచ్చే ఉత్తరాల్లో పాత కార్ల గురించి అడిగేవే ఎక్కువ. ఈసారి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవి ఒకచోట చేర్చాం. మార్కెట్ రేటు ఎంత అని అడిగినవాళ్లకు మాత్రం జవాబు ఇవ్వలేదు. బండి చూడకుండా రేటు చెప్పడం కుదరదు.

ప్రశ్న: 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ బేరం కుదిరేలా ఉంది. ఓనరుది బారువ. సింగిల్ హ్యాండ్ బండి. మా మెకానిక్ ఇంజన్ శబ్దం విని బాగుందన్నాడు. ఇంకేమైనా చూడాలా? - ఓ పాఠకుడు, సోంపేట

జవాబు: బారువ సముద్రం ఒడ్డు ఊరు కాబట్టి ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు తుప్పు చూడండి. ఏళ్ల తరబడి సముద్రం పక్కన ఆరుబయట నిలిపిన కారుకి ఉప్పు గాలి పైన పెయింట్‌ని పెద్దగా ఏమీ చెయ్యదు. కింద, లోపల, నీళ్లు నిలిచే మూలల్లో తినేస్తుంది. పాలిష్ పెట్టించిన బండి పక్కన నిలబడితే అదేమీ కనపడదు.

లుంగీయో పాత చొక్కాయో వేసుకుని వెళ్లండి, కింద పడుకోవాలి. ఒక టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్, బనీను గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. మొదట నాలుగు తలుపులూ తెరిచి అడుగు అంచు తడమండి. అక్కడ నీళ్లు పోవడానికి సన్నటి కన్నాలుంటాయి. అవి మట్టితో పూడితే నీళ్లు తలుపులోనే నిలిచి రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పెయింట్ కింద అప్పడం మీద లేచినట్టు పొక్కులు కనిపిస్తే ఆ రేకు లోపల అప్పటికే పోయిందని అర్థం. తలుపులు, ముందు మడ్‌గార్డులు, బానెట్, డిక్కీ మూత బోల్టులతో బిగించేవే. పోయినా మార్చుకోవచ్చు, బేరంలో తగ్గించి అడగొచ్చు.

తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టె లాంటి భాగం అలా కాదు. బండి బరువు మోసేది అదే. జాకీ పెట్టే చోటు కూడా దాని కిందే. ఓనరు ఒప్పుకుంటే అక్కడే జాకీ పెట్టి ఒక్క చక్రం లేపించండి. రేకు లోపలికి నొక్కుకుపోతే, కరకరమంటే బేరం అక్కడితో వదిలెయ్యండి. లేపించడానికి ఒప్పుకోకపోతే స్క్రూడ్రైవర్ పిడితో అంగుళానికి ఒకసారి కొట్టుకుంటూ పోండి. మంచి రేకు ఖంగుమంటుంది. లోపల తిన్నదైనా, లప్పం పెట్టి కప్పినదైనా మట్టి కుండను కొట్టినట్టు డబ్బుమంటుంది. అనుమానం వచ్చిన చోట అయస్కాంతం ఆనించండి. లప్పం మందంగా ఉంటే అంటుకోదు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా తేలిక. కంపెనీ పెయింట్ ఎక్కువగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ పెయింట్ పడింది, 400, 500 చూపిస్తే కింద లప్పం ఉంది.

తర్వాత మ్యాట్లు, కార్పెట్ ఎత్తి డ్రైవర్ కాళ్ల దగ్గరి నేల, డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత చూడండి. బానెట్ తెరిచి షాకబ్జార్బర్ల పైభాగం బిగించిన గుండ్రటి మెట్ట చుట్టూ వెలుగు వేసి చూడండి. అక్కడ పగులు గానీ కొత్తగా వెల్డింగ్ చేసిన గుర్తు గానీ ఉంటే ఆ బండి వద్దు. కింద సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, ముందు చక్రాల భాగాలు ఆనుకునే ఇనుప చట్రం), చక్రాలని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు బిగించిన చోట్లు, వెనక్కి వెళ్లే బ్రేక్ పైపులు చూడండి. సబ్‌ఫ్రేమ్ విప్పి మార్చవచ్చు. అది బిగించే బాడీ చోట్లు పోతే మాత్రం మార్చడానికి ఏమీ మిగలదు. బ్రేక్ పైపు పైన గరుకుగా, పొలుసులుగా ఉంటే కొన్న వారంలోనే మార్పించండి.

బండి కిందంతా ఈమధ్యే నల్ల కోటింగ్ కొట్టించి ఉంటే సంతోషించకండి. తుప్పు మీద కొట్టిన కోటింగ్ దాన్ని ఆపదు, కనపడకుండా దాచుతుందంతే. గీకి చూడనివ్వమనండి.

ఇక ఇంజన్. ఆ స్విఫ్ట్‌లోది ఫియట్ మూలం ఉన్న 1248 సీసీ డీజిల్. వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పడానికి అందులో టైమింగ్ బెల్టు కాదు, చైన్ ఉంటుంది. చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఆయిల్ సకాలంలో మార్చని బండిలో చైన్ సాగి, పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే గొలుసు గలగల్లాడిన శబ్దం వస్తుంది. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే వెళ్లాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేశారన్నమాట. మర్నాడు వస్తామని చెప్పి వచ్చెయ్యండి. మీ మెకానిక్ విన్నది వేడి ఇంజన్ శబ్దమా, చల్లటి ఇంజన్‌దా? అది అడగండి. ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉండగా ఆయిల్ పోసే మూత వదులు చేసి అలాగే ఉంచి చూడమనండి. సన్నగా ఊపిరి వదిలినట్టు ఆవిరి రావడం మామూలే. మూత ఎగిరెగిరి పడుతూ పొగ గుప్పుగుప్పున వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయి.

ప్రశ్న: 2010 ఆల్టో, మీటరు మీద 62 వేల కిలోమీటర్లే ఉంది. నమ్మవచ్చా? - ఓ పాఠకురాలు, రాజాం

జవాబు: నమ్మాల్సిన అవసరం లేదు, అబద్ధమని తేల్చాల్సిన పనీ లేదు. డిజిటల్ మీటర్లు వెనక్కి తిప్పడం పెద్ద విద్య కాదు. కానీ రిటైరైన మేష్టారు గుడికీ పెన్షన్ ఆఫీసుకీ తిప్పిన బండైతే అన్నేళ్లకి 62 వేలే తిరిగి ఉండొచ్చు. మీటరుని వదిలేసి మిగతావి సాక్ష్యం చెప్పనివ్వండి. క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు ఒక పక్కకి నున్నగా అరిగాయా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు కుంగిందా, గేరు రాడ్ మీద అంకెలు చెరిగాయా చూడండి. ఇవన్నీ లక్ష దాటాక కనపడే అరుగుదలలు. ఆయిల్ మార్చినప్పుడు డ్రైవర్ తలుపు లోపలో బానెట్ కిందో అంటించే స్టిక్కర్లు పీకడం చాలామంది మరిచిపోతారు. దానిమీద కిలోమీటర్లు రాసి ఉంటాయి. కంపెనీ షోరూంలో సర్వీసు అయిన బండైతే ఓనరుని వెంటబెట్టుకుని వెళ్లి రిజిస్ట్రేషన్ నంబరుతో పాత సర్వీసు వివరాలు అడగండి.

నిజంగానే తక్కువ తిరిగిన బండి అయినా ఖర్చు తప్పదు. వయసుకి రబ్బరు ఎండిపోతుంది. రేడియేటర్ గొట్టాలు, బుష్‌లు, పెట్రోల్ పైపులు వేలితో వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. మీ ఆల్టో 800 సీసీదైతే అందులో టైమింగ్ బెల్టు ఉంటుంది. అదే ఏడాది వచ్చిన ఆల్టో కే10లో అయితే చైన్. ఈ బెల్టు కిలోమీటర్లతో పాటు ఏళ్లతో కూడా పోతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క వేసుకుని, బెల్టు, టెన్షనర్ బేరింగు, పక్కనున్న ఆయిల్ సీళ్లు మూడూ ఒకేసారి మార్పించండి. సీలు పాతదే వదిలేస్తే కారిన ఆయిల్ కొత్త బెల్టునీ తినేస్తుంది.

ప్రశ్న: చూసిన కారు స్టార్ట్ చెయ్యగానే తెల్ల పొగ వచ్చింది. ఓనరు చలికి అంటున్నాడు. - ఓ పాఠకుడు, నెల్లిమర్ల

జవాబు: రెండు మూడు నిమిషాల్లో పోతే ఆయన చెప్పింది నిజమే, సైలెన్సర్‌లో చేరిన తేమ ఆవిరవుతుంది. బండి వేడెక్కాక కూడా వస్తూ, తియ్యటి వాసన ఉంటే కూలెంట్ (రేడియేటర్ నీళ్లు) కాలుతోంది, ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య వేసే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పడాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి, బుడగలు ఆగకుండా వస్తుంటే అనుమానం రూఢి. వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోకండి, మొహం కాలుతుంది. ఆయిల్ మూత లోపల మజ్జిగ తేటలాంటిది కాకుండా చిక్కటి మీగడలా తెల్లగా పట్టి ఉన్నా అదే జబ్బు. గాస్కెట్ ఒక్కటే మార్చి అమ్మేవాళ్లుంటారు. వేడికి వంగిన హెడ్‌ని లేత్‌లో ఫేసింగ్ చేయించకపోతే కొత్త గాస్కెట్ నెలలు కూడా ఆగదు. చిన్న అల్యూమినియం హెడ్‌కి 0.05 మిల్లీమీటర్ల వంపే ఎక్కువ.

నీలం పొగ అయితే ఆయిల్ తింటోంది. స్టార్టింగ్‌లో మాత్రమే వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే రింగులు. మొదటిది చిన్న ఖర్చు. రెండోది ఇంజన్ పని.

ప్రశ్న: వంశధార పక్క ఊళ్లో ఒక కారు మార్కెట్ కంటే బాగా తక్కువకి ఇస్తామంటున్నారు. వరదలో మునిగిందేమోనని భయం. ఎలా తెలుస్తుంది? - ఓ పాఠకుడు, నరసన్నపేట

జవాబు: భయం సబబే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు వంశధార పొంగి మీ చుట్టుపక్కల ఊళ్లెన్నో నీళ్లలో ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్. ఆ నీళ్లు చూసిన బళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, చేతులు మారుతూనే ఉన్నాయి.

సీటు బెల్టు చివరిదాకా లాగండి. బయట ఉండే భాగాన్ని ఉతికేస్తారు, లోపల చుట్టుకుని ఉండే చివరి మూరని ఎవరూ ఉతకరు. అక్కడ మట్టి గీత కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. తర్వాత సీటు ముందుకి జరిపి దాని పట్టాలు, నేలకి బిగించిన బోల్టులు చూడండి. మామూలు బండిలో అక్కడ తుప్పు పట్టే పని లేదు. కార్పెట్ కింద స్పాంజి నొక్కితే తడి, ఒండ్రు వాసన. హెడ్‌లైట్ లోపల నీటి గీత. స్టీరింగ్ కింద మెకానిక్ స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో పచ్చటి చిలుము. బండినిండా సెంటు వాసన గుప్పుమంటుంటే అది ఏ వాసనని దాచుతోందో ఆలోచించండి.

మునిగిన బండి కొన్నరోజు బాగానే నడుస్తుంది, చిక్కంతా అక్కడే. వైర్ల కనెక్టర్లలో చేరిన తేమ మెల్లగా పిన్నుల్ని తింటుంది. ఆర్నెల్లకి పవర్ విండో ఆగుతుంది, తర్వాత స్టార్టర్, తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు. లోపం ఏ మెకానిక్‌కీ ఒకచోట దొరకదు. నీళ్లలోనే స్టార్ట్ చేసి ఉంటే సిలిండర్‌లోకి నీరు వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదమూ ఉంది. గేరు ఆయిల్ కొద్దిగా తీయించి చూడండి, పాలలా ఉంటే మునిగినట్టే. ఎంత తగ్గించినా వద్దు.

ప్రశ్న: బరంపురం నుంచి వచ్చిన ఓడీ 07 నంబరు కారు కొనొచ్చా? సి బుక్ ఇచ్చేస్తాం, అలాగే తిప్పుకోండి అంటున్నారు. - ఓ పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: కొనొచ్చు. అలాగే తిప్పుకోవడం మాత్రం కుదరదు. మీది సరిహద్దు ఊరు కాబట్టి అది మామూలుగా అనిపిస్తుంది గానీ, బండి మరో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఓనరు ఒడిశా ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తేవాలి. ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. బండి మీద ఫైనాన్స్ ఉండి ఉంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్ కావాలి. మన దగ్గర బండి వయసు, విలువ చూసి లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. అది ఎంత అవుతుందో ముందు ఆఫీసులో అడిగి, ఆ మొత్తం బేరంలో తగ్గించుకోండి. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానిది వాపసు అడగడం పాత ఓనరు పని.

సి బుక్‌లోని ఛాసిస్ నంబరు, బండి మీద చెక్కిన నంబరు ఒక్కో అక్షరం పోల్చండి. ప్రభుత్వ ఎం పరివాహన్ యాప్‌లో ఇన్సూరెన్స్, ఫైనాన్స్, చలాన్లు చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి దగ్గరపడితే రెన్యువల్‌కి 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 రూపాయలు ఫీజు, పైగా బండి ఫిట్‌నెస్‌లో నిలవాలి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని అర్జీ పెట్టుకోండి.

ప్రశ్న: నెలకోసారి అరకు ఘాట్ ఎక్కాలి. పాత బండిలో ప్రత్యేకంగా ఏం చూడాలి? - ఓ పాఠకుడు, శృంగవరపుకోట

జవాబు: క్లచ్, బ్రేకులు, కూలింగ్. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 30 వేగంతో పోతూ ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజన్ అరిచి బండి ఊపందుకోకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. ఇంజన్ ఆపి బ్రేక్ పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి, నొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్యండి. పెడల్ కొంచెం కిందకి దిగాలి, దిగకపోతే బ్రేక్ తొక్కడం తేలిక చేసే బూస్టర్ పోయింది. స్టార్ట్ అయ్యాక అర నిమిషం నొక్కే ఉంచండి. మెల్లగా నేల దాకా జారిపోతే బ్రేక్ ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, దిగుడులో వేడెక్కి అది మరిగితే పెడల్ మెత్తబడిపోతుంది. రంగు నల్లగా ఉంటే కొన్న వెంటనే మార్పించండి. ఏసీ వేసి పది నిమిషాలు నిలిపి ఉంచితే రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి, టెంపరేచర్ ముల్లు సగం దాటకూడదు.

ప్రశ్న: టైర్లు నున్నగా అరగలేదు, గాడులు బాగా ఉన్నాయి. మార్చాలా? - ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే ఎక్కువుంటే సరిపోతుందని ఆగకండి. టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటి, పక్క గోడ మీద వెంట్రుకవాసి చీలికలు కనిపిస్తే గాడి ఎంతున్నా మార్చండి. స్టెప్నీ తారీఖు కూడా చూడండి. అది చాలా బళ్లలో కారు కొన్న ఏడాదిదే ఉంటుంది.