కేమన్‌ను ట్రాక్ ఎక్కించే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మలుపుల్లో కారు ముందు భాగం జారుతోందని నీవు రాసిన ఉత్తరం, దానితో పాటు నీవు కొనదలచిన విడిభాగాల జాబితా అందాయి. ఎత్తు తగ్గించే స్ప్రింగులు, మలుపులో కారు ఒరుగుదలను తగ్గించే లావుపాటి యాంటీ రోల్ బార్లు, వెనుక పెద్ద స్పాయిలర్ అన్నీ ఉన్నాయి గాని, టైర్ల మాట, బ్రేక్ ఆయిల్ మాట ఎక్కడా లేవు. నీ పోర్షే కేమన్ సెలవు రోజున గుంటూరు నుంచి కాజ టోల్ దాటి మా ఇంటికి వచ్చే కారు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద పరుగెత్తవలసినదీ, ఆ తరువాత అవే చక్రాల మీద 400 కిలోమీటర్ల పైచిలుకు హైవే మీద తిరిగి రావలసినదీ అదే. ఈ మూడు పనుల్లో దేనికీ చేటు చేయని మార్పులనే ముందు చేయాలని నా అభిప్రాయం.

మొదట టైర్లు. టైరు పక్కభాగంలో డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. మన ఎండలకు రబ్బరు గట్టిపడుతుంది కనుక, గాడులు ఎంత లోతుగా కనిపించినా పాత టైరులో పట్టు మిగలదు. నీవు కొన్నది సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి నాలుగింటి మీదా ఆ అంకెలు చదివి నాకు చెప్పు. నీ జాబితాలోని సామాను మొత్తం కంటే నాలుగు మంచి టైర్లే కారు నడతను ఎక్కువగా మారుస్తాయి.

గాలి విషయంలో కొంత ఓపిక కావాలి. టైరు లోపలి వేడి 5, 6 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. ట్రాక్ మీద కొన్ని ల్యాపులు గట్టిగా తిప్పేసరికి అది చల్లని కొలత మీద 4 నుంచి 6 పీఎస్ఐ వరకు ఎక్కవచ్చు. అందుచేత కొంచెం తక్కువ గాలితో బయలుదేరి, పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) రాగానే, టైర్లు చల్లారక ముందే కొలిచి, ఎక్కువైనది తీసివేసి, ఆ సంఖ్యను పుస్తకంలో రాసుకో. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు టైర్లు పూర్తిగా చల్లారనిచ్చి, తీసివేసిన గాలిని మళ్లీ కంపెనీ చెప్పిన మేరకు కొట్టించాలి; తగ్గిన గాలితో హైవే మీద వేగంగా పోవడం ట్రాక్ కంటే ప్రమాదకరం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని, తేమ పట్టిన తరువాత కనీసం 155 డిగ్రీల వరకు తట్టుకోవాలని ప్రమాణం. ఆ తేడా వల్లే తేమ పట్టిన ఆయిల్ ముందుగా మరిగి, మలుపు ముందు పెడల్ నేలకు దిగిపోతుంది. ట్రాక్‌కు వెళ్లే ముందు దాన్ని మార్పించు. ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు వేయించు. చివరి ల్యాపు బ్రేకులు తొక్కకుండా నెమ్మదిగా తిప్పి, ఆపిన తరువాత హ్యాండ్ బ్రేక్ వేయకుండా వదిలిపెట్టు.

ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల సర్దుబాటు. కేమన్‌కు ముందూ వెనుకా స్ట్రట్ సస్పెన్షనే (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే స్తంభంగా ఉండే ఏర్పాటు) ఉంటుంది. కారు మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రం నెగటివ్ కాంబర్‌ను, అంటే పైభాగం లోపలికి వాలి ఉండటాన్ని, కోల్పోయి, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. కంపెనీ సర్దుబాటు అనుమతించినంత వరకు ముందు చక్రాలకు నెగటివ్ కాంబర్ ఇస్తే ఈ లోపం తగ్గి, మలుపులో ముందు భాగం బయటికి జారిపోయే స్వభావం కూడా తగ్గుతుంది. దానివల్ల టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుందని భయపెట్టేవారు ఉంటారు, కాని అరుగుదలకు కాంబర్ కంటే తప్పుగా ఉన్న టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) పెద్ద శత్రువు. వెనుక చక్రాలకు స్వల్పంగా టో ఇన్ (ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) ఉంచితే హైవే మీద కారు నిలకడగా ఉంటుంది. సర్దుబాటు సరిపోయిందో లేదో టైరే చెబుతుంది: ట్రాక్ నుంచి రాగానే లోపలి అంచు, మధ్య, బయటి అంచుల వేడిని విడివిడిగా కొలిచి చూడు. బయటి అంచు మరీ వేడిగా ఉంటే కాంబర్ చాలలేదని, మధ్య భాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైందని తెలుసుకోవాలి.

ఎత్తు తగ్గించే స్ప్రింగులు నాకు నచ్చలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు. మన ఊళ్లలో వాటిని కట్టేవారు ఆ కాగితం చదివినట్లు కనిపించదు. అడుగు భాగం తగలడం అటుంచి, స్ట్రట్ సస్పెన్షన్‌ను మరీ కిందికి దించితే రోల్ సెంటరు (కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు దిగినదానికంటే ఎక్కువగా దిగిపోయి, తగ్గించాలనుకున్న ఒరుగుదల పూర్తిగా తగ్గదు. దానికి బదులు సస్పెన్షన్ కీళ్లలో ఎండకు పగిలిన రబ్బరు బుష్‌లను, అలసిపోయిన షాక్ అబ్జార్బర్లను మార్పించు. యాంటీ రోల్ బార్ల జోలికి ఇప్పుడే పోవద్దు. ముందు బారు గట్టిపడితే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది, వెనుకది గట్టిపడితే వెనుక భాగం జారడానికి తొందరపడుతుంది. నీ కేమన్ లాగా ఇంజను మధ్యలో ఉన్న కారులో ఈ రెండవది చిన్న విషయం కాదు. బరువంతా నడుమనే ఉండటం వల్ల అది చురుకుగా తిరుగుతుంది, జారితే అంతే చురుకుగా జారుతుంది కూడా. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ హఠాత్తుగా వదిలితే బరువు ముందుకు పోయి వెనుక చక్రాలు తేలికపడతాయి (ఈ వాక్యం మీ అమ్మకు వినిపించకు). బ్రేకు మలుపుకు ముందే, కారు తిన్నగా పోతుండగా వేయడం, తరువాత యాక్సిలరేటర్‌ను మెత్తగా అందుకోవడం ట్రాక్ మీద శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని నేర్చుకో. ముందు భాగం జారుతోందని నీవు రాసిన దానిలో సగం, మలుపులోకి మరీ వేగంగా దూరడం వల్లనే జరుగుతోందని నా అనుమానం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. సాధారణ బీమా పాలసీ రేసులకూ వేగ పరీక్షలకూ వర్తించదు. నీ పాలసీ కాగితాలను ఈ దృష్టితో ఒకసారి చదువుకో.

ఒకేసారి రెండు మార్పులు చేయవద్దు; ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. టైర్లు, బ్రేకులు అయిన తరువాత ఒక ఆదివారం బయలుదేరి రా, సోమవారం ఉదయం ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ చేయిద్దాం. డ్రైవర్‌తో కారు పంపితే కుదరదు, సగం ట్యాంకు పెట్రోలుతో, సీట్లో నీ బరువు ఉండగానే కొలతలు తీయాలి.

మీ మామయ్య