పరీక్షావేశం పెరిగితే క్షేత్ర తీవ్రత తగ్గుతుందా?

పరీక్షావేశం (క్షేత్రాన్ని కొలవడానికి అక్కడ పెట్టే ఆవేశం) మీద పనిచేసే బలాన్ని ఆ ఆవేశంతో భాగిస్తే విద్యుత్ క్షేత్ర తీవ్రత వస్తుంది కాబట్టి, ఆ ఆవేశాన్ని రెట్టింపు చేస్తే తీవ్రత సగం కావాలి కదా అని మీరు అడిగారు. కాదండి, హారంతో పాటు లవం కూడా రెట్టింపవుతుంది.

శూన్యంలో 2 మైక్రోకూలూంబ్‌ల బిందు ఆవేశాన్ని స్థిరంగా ఉంచి, దానికి 30 సెంటీమీటర్ల దూరంలో 1 నానోకూలూంబ్ పరీక్షావేశాన్ని పెడితే, కూలూంబ్ నియమం ప్రకారం దానిపై 0.0002 న్యూటన్ల బలం పనిచేస్తుంది. అక్కడే 2 నానోకూలూంబ్‌లు పెడితే బలం 0.0004 న్యూటన్లు అవుతుంది. భాగించి చూడండి, రెండుసార్లూ కూలూంబ్‌కు 2 లక్షల న్యూటన్లే వస్తుంది. పరీక్షావేశాన్ని పూర్తిగా తీసేసినా ఆ బిందువు వద్ద తీవ్రత అంతే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ దాన్ని నిర్ణయించేవి మూలావేశం (క్షేత్రాన్ని కలిగించే ఆ బిందు ఆవేశం), దూరం మాత్రమే. దూరాన్ని 60 సెంటీమీటర్లు చేస్తే అది నాలుగో వంతుకు, అంటే 50 వేలకు పడిపోతుంది.

పరీక్షావేశం అత్యల్పంగా ఉండాలని పాఠ్యపుస్తకం ఎందుకు పట్టుబడుతుందన్న మీ రెండో సందేహమే, నా దృష్టిలో, అసలైన ప్రశ్న. మూలావేశం ఒక లోహపు గోళం మీద ఉందనుకుందాం. పెద్ద పరీక్షావేశాన్ని దగ్గరకు తెస్తే గోళం మీది ఆవేశాలు అటూ ఇటూ జరిగి, మనం కొలవదలచిన క్షేత్రమే మారిపోతుంది. బిందు ఆవేశాన్ని కదలకుండా బిగించిన లెక్కల్లో ఈ చిక్కు రాదు.