ఓడ దిగిన రోజుకి పార్కు టికెట్ కొనకు తమ్ముడూ

అన్నా అని అడిగావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఫ్లోరిడాలో పోర్ట్ కెనావెరల్ ఓడరేవు నుంచి నాలుగు రాత్రుల బహామాస్ క్రూజ్, అది అవగానే ఓర్లాండోలో నాలుగు రోజులు. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చిన అమ్మానాన్న, మొత్తం ఆరుగురు. తక్కువలో అయిపోవాలి అన్నావు. తక్కువలో అవదు, ముందే చెప్తున్నా. కాకపోతే నేను తగలేసినంత నువ్వు తగలెయ్యక్కర్లేదు.

మేం వెళ్ళింది 2016 మార్చిలో. అప్పటికి అమెరికా వచ్చి ఎనిమిదేళ్ళు, నాకు తెలియంది లేదనుకునే రోజులు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కూర్చుని ఎక్సెల్ షీట్ వేశాను, రూపాయి దగ్గర్నుంచి లెక్క. మా పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నాడికి రెండు. తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. అంటే అచ్చం మీలాగే ఆరుగురం.

షీట్‌లో లేని ఖర్చు ఓడలోనే మొదలైంది. అత్తయ్యగారు అక్కడి తిండి తినలేరేమోనని సూట్‌కేసులో చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్, రెండు కేజీల సోనామసూరి సర్దాం. సాయంత్రమైనా ఆ సూట్‌కేస్ గదికి రాలేదు. కింద ఒక గదికి రమ్మన్నారు. వెళ్తే అక్కడ బల్ల మీద ఇస్త్రీ పెట్టెలు, కెటిళ్ళు, వాటి మధ్య మెడలో చీటీ కట్టించుకుని మా కుక్కర్. నిప్పు భయం, వేడి చేసే వస్తువేదీ గదిలో ఉండకూడదట. దిగేటప్పుడు తిరిగిచ్చారు. అత్తయ్యగారు ఆ నాలుగు రోజులూ బఫేలో శుభ్రంగా భోంచేశారు, అది వేరే సంగతి. ఆఖరి రాత్రి తలుపు కింద నుంచి బిల్లు లోపలికి జారింది. తలకి రోజుకి ఇంతని టిప్పులు, చిన్నాడికి కూడా. మూడొందల డాలర్ల పైన. ఇప్పుడైతే చాలా ఓడల్లో తలకి రోజుకి 16 నుంచి 20 దాకా వేస్తున్నారు, ఆరుగురికి నాలుగు రోజులకి నువ్వే గుణించుకో. ఓర్లాండో కోసం తీసి పెట్టుకున్న డబ్బులోంచి ఇది ముందుగానే కోసుకుపోతుంది, దీన్ని లెక్కలో పెట్టుకోకుండా హోటల్ వెతక్కు.

ఇక అసలు తప్పు. ఓడ పొద్దున ఆరింటికే ఒడ్డుకొస్తుంది కదా, తొమ్మిదికల్లా బయటపడితే పదకొండుకి డిస్నీలో ఉంటాం అనుకుని ఆ రోజుకే డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి టికెట్లు కొన్నాను. నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల, మొత్తం ఆరొందల డాలర్ల పైన. రాత్రే సామాను తలుపు బయట పెట్టేశాం కాబట్టి మన నంబర్ పిలిచేదాకా కూర్చోవాలి. పిలిచేసరికి తొమ్మిదిన్నర దాటింది. కిందికొచ్చి ఆ సూట్‌కేసుల అడవిలో మనవి వెతుక్కుని, ఇమిగ్రేషన్ లైను దాటి, నిండితే గాని కదలని షటిల్ ఎక్కి హోటల్‌కి చేరేసరికి పన్నెండు. రూమ్ నాలుగింటికి గాని ఇవ్వరు. సామాను అక్కడ అప్పజెప్పి, చిన్నాడి డైపర్లు ఏ పెట్టెలో ఉన్నాయో తెలియక మూడు పెట్టెలు లాబీలోనే నేల మీద విప్పి, టాక్సీ మాట్లాడుకుని బయల్దేరాం. ఇంకో విషయం ఎవరూ చెప్పరు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారు గేటు దాకా పోదు. దూరంగా దింపితే అక్కడి నుంచి మోనోరైలో, పెద్ద పడవో ఎక్కాలి. పడవని చూడగానే అత్తయ్యగారు బెంచీ మీద కూలబడి "మళ్ళీ ఓడా? నాకింకా నేల ఊగుతూనే ఉంది" అన్నారు. నిజంగానే నాలుగు రోజులు సముద్రం మీద ఉంటే దిగాక కూడా ఒక రోజు అలాగే ఊగుతుంది, పెద్దవాళ్ళకి మరీను.

లోపల అడుగుపెట్టేసరికి రెండున్నర. రాత్రి దాకా మూడంటే మూడు రైడ్లు ఎక్కాం. మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు. క్యూలో నిలబడి తాపీగా "అంటే అల్లుడూ, ఒక్కో బొమ్మ పడవకీ రెండొందల డాలర్లు, అంటే పదమూడు వేల పైన" అన్నారు. ఆ రోజుల్లో డాలరు 67 రూపాయలు. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. బాణసంచా అయ్యేదాకా ఉన్నాం, తిరిగి వెళ్ళడానికి హోటల్ వాళ్ళ ఉచిత షటిల్ ఉందిగా అని ధీమా. ఆ షటిల్ రోజుకి రెండు మూడు సార్లే తిరుగుతుందనీ, ఆఖరిది అప్పటికే వెళ్ళిపోయిందనీ అక్కడికెళ్ళాక తెలిసింది. భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు, ఆరుగురు పట్టే వ్యాను కోసం 55 డాలర్లు. ఉచిత షటిల్ అని హోటల్ పేజీలో కనిపిస్తే ఆఖరి బండి ఎన్నింటికో ఫోన్ చేసి కనుక్కో, బాణసంచా అయ్యాక లేకపోతే అది లేనట్టే లెక్క.

అందుకే ఓడ దిగిన రోజు ఖాళీ రోజు అనుకో. సామాను మీరే మోసుకోగలిగితే ముందే దిగనిస్తారు, అమ్మానాన్నతో వద్దు. తాపీగా దిగి, కారు తీసుకుని, హోటల్లో సామాను పడేసి, కిరాణా కొనుక్కుని, పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌లో వదిలెయ్యి. సాయంత్రం కావాలంటే డిస్నీ స్ప్రింగ్స్ అని షాపుల బజారుంది, వెళ్ళండి, ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం. నాన్నగారికి రాకెట్లంటే ఇష్టమైతే కెనడీ స్పేస్ సెంటర్ ఓడరేవు పక్కనే, సాటర్న్ 5 రాకెట్ పడుకోబెట్టి ఉంటుంది, అట్లాంటిస్ స్పేస్ షటిల్ ఉంటుంది. దానికి టికెట్ ఖర్చు ఉంది, పైగా కారులో సామాను వదిలి వెళ్ళాలి. నేనైతే వెళ్ళను.

రెండో రోజు ఇంకా తెలివి చూపించాను. హోటల్ లాబీలో ఒకమ్మాయి నవ్వుతూ పలకరించి "రేపు పొద్దున 90 నిమిషాలు మా రిసార్ట్ చూడండి, టిఫిన్ మాదే, రెండు పార్కు టికెట్లు సగం ధరకి" అంది. ఇది టైమ్‌షేర్, అంటే రిసార్ట్‌లో ఏడాదికి ఒక వారం ఉండే హక్కు అంటగట్టే బేరమని నాకు తెలుసు, తెలిసీ వెళ్ళాను, మిగిలేది వంద డాలర్లు కదా మరి. తొంభై నిమిషాలు నాలుగున్నర గంటలైంది. ఒకాయన అయ్యాక ఇంకొకాయన, ఆయన అయ్యాక మేనేజరు, ప్రతి ఒక్కరూ కాగితం మీద పాత ధర కొట్టేసి కొత్త ధర రాయడం. మధ్యలో మా పెద్దది ఆరెంజ్ జ్యూస్ ఆ కాగితాల మీదే ఒలకబోసింది, నాకు లోపల సంతోషమేసింది, కానీ ఆయన కొత్త కాగితం తీశాడు. మామయ్యగారు కుర్చీలోనే గురక. ఒక దశలో నిజంగానే పెన్ను చేతిలోకి తీసుకున్నాను, ఏడాదికి ఒక వారం మన సొంతం కదా అని. మా ఆవిడ ఏమీ అనలేదు, చిన్నాణ్ణి తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టి బయటికెళ్ళిపోయింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు. అలా బతికిపోయాం. సంతకం పెట్టేసినా ఫ్లోరిడా చట్టం ప్రకారం పది రోజుల్లో రద్దు చేసుకోవచ్చు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు పార్కు కూడా సగమే చూశాం. కాబట్టి లాబీలో, డిస్నీ దగ్గరి 192 రోడ్డు పక్క కొట్లలో ఎవరు టికెట్ చవక అన్నా మాట కలపకు. ఒకరు వాడగా మిగిలిన రోజుల టికెట్ అంటారు కొందరు, అది ఇంకొకరు వాడడానికి లేదు, గేటు దగ్గర వేలు పెట్టమంటారు.

ఉండడం గురించి. డిస్నీ వాళ్ళ చవక హోటళ్ళు ఉన్నాయి, ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటివి. అందులో ఉంటే పార్కుల్లో పార్కింగ్ డబ్బు లేదు, బస్సులు ఉచితం, రిసార్ట్ ఫీజు లేదు, అందరికంటే అరగంట ముందు లోపలికి పోవచ్చు. కానీ మామూలు రూమ్ నలుగురికే, మీ ఆరుగురికి రెండు రూములు కావాలి, అక్కడే లెక్క తిరగబడుతుంది. పాతవాళ్ళెవరైనా ఎయిర్‌పోర్ట్ నుంచి డిస్నీ బస్సు ఉచితం అని చెప్తే నమ్మకు, అది 2022లో పోయింది.

మేం 2023లో మళ్ళీ వెళ్ళినప్పుడు ఓర్లాండో పక్కనున్న కిసిమ్మీలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం, మూడు బెడ్‌రూములు, వంటిల్లు, వాషింగ్ మెషీన్. క్రూజ్ నుంచి వచ్చాక ఆ వాషింగ్ మెషీన్ విలువ నీకు అర్థమవుతుంది, ఉప్పు నీళ్ళ బట్టలు ఒక పెట్టెడు. ఇంటికి క్లీనింగ్ ఫీజు అని ఒకటుంటుంది, రెండు రాత్రులున్నా అంతే, ఆరు రాత్రులున్నా అంతే. అందుకని నాలుగు రాత్రులైతే ఇల్లు గిట్టుబాటు, రెండు రాత్రులకైతే వంటిల్లున్న సూట్ హోటల్ చూడు, పొద్దున టిఫిన్ కలిపి ఇచ్చేది. పన్ను కూడా కలుపుకో. ఓర్లాండో వైపు గది మీద పన్ను 12.5 శాతం, కిసిమ్మీ వైపు 13.5. బయట ఉంటే డిస్నీ పార్కింగ్‌కి రోజూ డబ్బు కట్టాలి, అది అద్దెలో కలిపి చూడు. నేను ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, మా ఆవిడ దాన్ని భగవద్గీత అంటుంది.

కారు తప్పదు. ఓడరేవు నుంచి ఓర్లాండోకి 528 టోల్ రోడ్డు, గంట ప్రయాణం. టోల్ అణాకానీ, దాని మీద అద్దె కారు వాళ్ళు రోజుకింత అని వేసే ఫీజు అసలు దెబ్బ. ఓర్లాండో ఎయిర్‌పోర్ట్‌లో కారు తీసుకుంటే అక్కడే విజిటర్ టోల్ పాస్ ఇస్తారు, ఊరికే, అద్దానికి తగిలించుకుని వెళ్ళేటప్పుడు తిరిగి పెట్టెలో వెయ్యడమే. పిల్లల కార్ సీట్లు డాలస్‌లో మీ ఇంటి నుంచే తెచ్చుకో. విమానంలో వాటికి డబ్బు తీసుకోరు, అద్దెకైతే రోజువారీ లెక్క.

తిండి విషయంలో డిస్నీ మంచిది. ఇంట్లో వండింది లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు వద్దంతే. 2023లో అత్తయ్యగారి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకుని కోట ఎదురుగా నీడలో కూర్చుని తిన్నాం. కౌంటర్‌లో అడిగితే ఐసు నీళ్ళు కప్పులో ఉచితంగా ఇస్తారు, 2016లో ఇది తెలియక రోజంతా సీసాలు కొన్నాను. ఓర్లాండోలోనే ఉన్న ఇంకో కంపెనీ పార్కులు, యూనివర్సల్‌లో ఈ భోజనాల బేరం కుదరదు, చిరుతిళ్ళ దాకానే. రెండేళ్ళ పిల్లాడు, పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి నన్నడిగితే యూనివర్సల్ ఈసారికి వదిలెయ్యి. 2025 మేలో వాళ్ళు తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ రీల్స్ చూసి మనసు పడి ఉంటావు, తెలుసు. డిస్నీకి రెండు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజు అమ్మగారిని కాసిల్‌బెరీ గుడికి తీసుకెళ్ళు. రెయిన్‌కోట్లు మాత్రం ముందే డాలర్ స్టోర్‌లో కొను. ఉన్నట్టుండి వాన పడితే లోపల కొన్న ఒక్కోటీ నాకు పన్నెండు డాలర్లు పడింది. మిక్కీ బొమ్మున్న ఆ పాంచో వేసుకుని మామయ్యగారు ఇప్పటికీ వానలో స్కూటర్ మీద కూరగాయలకి వెళ్తారు.

వీసా సంగతి పొట్టిగా. పాస్‌పోర్ట్‌లో నీ హెచ్1 వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే ఓడెక్కకు. స్టాంపు లేకుండా తిరిగొచ్చే వెసులుబాటు హెచ్1 వాళ్ళకి కెనడా, మెక్సికోలకే, బహామాస్ లాంటి దీవులకి లేదు. అమ్మానాన్న వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూసుకో. మిగతావి క్రూజ్ వాళ్ళనీ, మీ లాయర్‌నీ అడుగు.

చివరగా తేదీ. చిన్నవాడికి డిసెంబరు మొదటి వారంలో మూడేళ్ళు నిండుతాయన్నావు, ట్రిప్పు మాత్రం క్రిస్మస్ సెలవుల్లో అంటున్నావు. మూడు నిండకపోతే డిస్నీలో టికెట్టే లేదు. నిండితే పిల్లల టికెట్ పెద్దవాళ్ళ దానికంటే నాలుగైదు డాలర్లే తక్కువ, పైగా క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్క రోజు టికెట్ 200 డాలర్లకి అటూ ఇటూగా ఉంటుంది. నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్‌కి రెండు వారాల ముందు వెళ్ళు. ఓడా చవక, హోటలూ చవక, వాడు ఉచితం. పెద్దపాప బడి పోతుందంటావా, రెండో తరగతే కదా. ఈ ఒక్క మాట మాత్రం మా ఆవిడకి చూపించకు, లెక్కల మాస్టారి కూతురు.