మోడల్ మీద చక్కగా నడిచిన సుజుకి కప్లింగ్ అసలు అణువు మీద ఎందుకు ఆగిపోతోంది?

సుజుకి కప్లింగ్ అంటే పలేడియం సాయంతో ఒక బ్రోమైడ్‌ని, ఒక బోరోనిక్ యాసిడ్‌ని కలిపి కార్బన్-కార్బన్ బంధం కట్టడం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. 4-బ్రోమోఅనిసోల్‌తో 2-ఫ్యూరిల్ బోరోనిక్ యాసిడ్ కప్లింగ్ మంచి ఈల్డ్‌తో వచ్చింది. అవే కండిషన్లు (టెట్రాకిస్ అనే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్-పలేడియం కేటలిస్ట్, సోడియం కార్బొనేట్, డయాక్సేన్-నీళ్లు, 90 డిగ్రీలు) అసలు బ్రోమైడ్ మీద పెడితే ప్రాడక్ట్ జాడ లేదు. ఆ బ్రోమైడ్‌కి ఆర్థో స్థానంలో (బ్రోమిన్‌కి పక్కనే) ఒక గ్రూపు, కాస్త దూరంగా ఒక థయోఈథర్ (గంధకం ఉన్న గ్రూపు) ఉన్నాయి. పలేడియం 5 నుంచి 20 మోల్ శాతానికి, వేడి 110 డిగ్రీలకి పెంచినా అంతే. ఇప్పుడు ఏ లిగాండ్ (పలేడియానికి అతుక్కుని దాని పనితీరు మార్చే అణువు) కొనాలి అని అడుగుతున్నారు.

ఆగిపోయిన ఫ్లాస్కులో ఏం మిగిలిందో మీరు ఒక్క ముక్కా రాయలేదు. మందుల ల్యాబులో చాలాకాలం ఇలాంటి కప్లింగులు పెట్టినవాణ్ని కాబట్టి చెబుతున్నాను: లిగాండ్ల జాబితా తెరిచేముందు క్రూడ్‌ని (శుద్ధి చేయని మిశ్రమాన్ని) ఎల్‌సీఎంఎస్‌లో (మిశ్రమాన్ని విడదీసి ఒక్కో అణువు బరువు చూపే యంత్రంలో) చూడండి. ప్రాడక్ట్ కోసం వెతకడం కాసేపు పక్కనపెట్టి, మీ రెండు స్టార్టింగ్ మెటీరియల్స్ ఏమయ్యాయో చూడండి.

బ్రోమైడ్ చెక్కుచెదరకుండా ఉండి బోరోనిక్ యాసిడ్ మాయమైందనుకోండి. నా పందెం దీనిమీదే. 2-ఫ్యూరిల్ బోరోనిక్ యాసిడ్ వేడికి, బేస్‌కి బోరాన్‌ని వదిలేసి ఉత్త ఫ్యూరాన్ అయిపోతుంది. ఫ్యూరాన్ 31 డిగ్రీలకే మరుగుతుంది, అందుకే టీఎల్‌సీ (పల్చటి పూత ప్లేటు మీద చేసే పరీక్ష) మీద దాని ఆనవాలు కూడా దొరకదు. 2-పిరిడిల్ యాసిడ్ మరీ ఘోరం: లాయిడ్-జోన్స్ బృందం 2016లో కొలిస్తే, 70 డిగ్రీల దగ్గర తటస్థ పీహెచ్‌లో దాని అర్ధాయువు నిమిషం లోపే. మీ మోడల్‌లో బ్రోమైడ్ చుట్టూ అడ్డేమీ లేదు కాబట్టి యాసిడ్ చచ్చేలోపే కప్లింగ్ అయిపోయింది. అసలు బ్రోమైడ్‌కి పక్కన గ్రూపు ఉంది, పలేడియం అందులోకి దూరడానికి టైం పడుతుంది, ఈలోగా యాసిడ్ అయిపోతుంది. అలాంటప్పుడు 110కి వేడిచేయడమంటే యాసిడ్ చావుని తొందరపెట్టడమే.

దీనికి దారులు రెండు. మొదటిది కప్లింగ్ వేగం పెంచడం. బుచ్‌వాల్డ్ బృందం 2010లో ఎక్స్‌ఫాస్ అనే ఫాస్ఫీన్ లిగాండ్ ఉన్న పలేడియం ప్రీకేటలిస్ట్‌తో సరిగ్గా ఇలాంటి బలహీనమైన యాసిడ్లనే తీసుకుని, టీహెచ్‌ఎఫ్, పొటాషియం ఫాస్ఫేట్ ద్రావణంలో గది ఉష్ణోగ్రత లేదా 40 డిగ్రీల దగ్గర అరగంటలో కప్లింగ్ చేసి చూపించింది. రెండోది యాసిడ్‌ని కొంచెం కొంచెంగా వదలడం. బర్క్ బృందం చేసిన మిడా బోరోనేట్లు (బోరోనిక్ యాసిడ్‌కి తొడుగు వేసిన రూపాలు), పొటాషియం ఫాస్ఫేట్ సమక్షంలో 60 డిగ్రీల దగ్గర యాసిడ్‌ని మెల్లగా విడుదల చేస్తాయి. తయారైన యాసిడ్‌ని తయారైనట్టే పలేడియం వాడేసుకుంటుంది. మీ బ్రోమైడ్‌కి ఆర్థో గ్రూపు ఉంది కాబట్టి నేనైతే ఎక్స్‌ఫాస్‌తో మొదలుపెడతాను, మిడాని రెండో ప్రయత్నానికి ఉంచుకుంటాను.

బ్రోమిన్ పోయి దాని స్థానంలో హైడ్రోజన్ వచ్చి ఉంటే కథ వేరు. ఆక్సిడేటివ్ అడిషన్ (పలేడియం కార్బన్-బ్రోమిన్ బంధంలోకి దూరడం) అయ్యిందన్నమాట, కేటలిస్ట్ బతికే ఉందన్నమాట. ఫ్యూరిల్ గ్రూపు పలేడియం మీదికి ఎక్కట్లేదు, ట్రాన్స్‌మెటలేషన్ దగ్గర బండి ఆగింది. అప్పుడు మార్చాల్సింది బేస్‌ని, నీళ్ల పాలుని. ఈ దశకి ఎంత బలముందో చూడాలంటే కిషి బృందం పని చదవండి. 129 కార్బన్ల పాలీటాక్సిన్ అనే సహజ విషం మీద పనిచేస్తూ, 1987లో పొటాషియం హైడ్రాక్సైడ్ బదులు థాలియం హైడ్రాక్సైడ్ వాడితే కప్లింగ్ సుమారు 1000 రెట్లు వేగంగా జరుగుతుందని రాశారు. పలేడియం అదే, బేస్ మారిందంతే. థాలియం భయంకరమైన విషం, అది మాత్రం మీరు ప్రయత్నించకండి.

ఫ్యూరాన్లు రెండు అతుక్కున్న డైమర్ చాలా ఉంటే ఆక్సిజన్ లోపలికి వస్తోంది. పలేడియం అసిటేట్‌తో మొదలుపెడితే కొంచెం డైమర్ మామూలే, కానీ మీది టెట్రాకిస్. ఆ సీసా ఎలా ఉందో కూడా చూడండి: తాజాది పసుప్పచ్చగా ఉంటుంది, ఆకుపచ్చకో గోధుమరంగుకో తిరిగితే వాడొద్దు. ఇంకొక చిన్న సంగతి: మీ బ్రోమైడ్‌కి ఫ్యూరిల్ బదులు ఫినైల్ అతుక్కున్న మాస్ కనిపిస్తే కంగారుపడకండి, అది ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ నుంచి వచ్చిన ఫినైలే.

ఇక రెండు స్టార్టింగ్ మెటీరియల్సూ అలాగే మిగిలిపోయి, అడుగున నల్లటి పొడి (చచ్చిన పలేడియం) పేరుకుంటే థయోఈథర్‌ని అనుమానించాలి. దీనికి విలువైన అణువు పెద్దగా ఖర్చుకాని పరీక్ష ఉంది, కాలిన్స్, గ్లోరియస్ 2013లో ప్రచురించారు. బాగా నడిచే మోడల్ రియాక్షన్ పెట్టి, అందులో ఒక ఈక్వివలెంట్ మామూలు థయోఈథర్, ఉదాహరణకు థయోఅనిసోల్, కలపండి. మోడల్ కూడా ఆగిపోతే దోషం గంధకానిది. ఆగకపోతే గంధకాన్ని మర్చిపోయి బ్రోమైడ్ పక్కనున్న గ్రూపు మీద దృష్టిపెట్టండి. సాయంత్రం పెట్టి పొద్దున చూసుకోవచ్చు. దీన్ని చేయకుండా వారాలు లిగాండ్లు మార్చుకుంటూ పోయినవాళ్లని చాలామందిని చూశాను.

20 మోల్ శాతం పలేడియం మాత్రం ఆపేయండి. ఏ ప్రశ్నకీ జవాబివ్వదు, పైగా కాలమ్ నిండా ఫాస్ఫీన్ ఆక్సైడే. ఇది మందు అణువైతే చివరి స్టెప్పుల్లో అంత లోహం వేయడం ఇంకా చేటు: ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాల ప్రకారం నోటిద్వారా ఇచ్చే మందులో పలేడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

పాత రియాక్షన్లలో మిగిలిన బ్రోమైడ్‌ని తిరిగి రాబట్టుకుంటారు కదా, మళ్లీ వాడేముందు దాన్ని థయోల్ సిలికాతో (పలేడియాన్ని పట్టుకునే పొడితో) కలిపి వడకట్టండి. అంటుకున్న కొద్దిపాటి పలేడియం కూడా తరవాతి పోలికల్ని చెడగొడుతుంది. లెడ్‌బీటర్ బృందం 2003లో అసలు లోహమే లేని సుజుకి అని ప్రచురించింది. 2005లో వాళ్లే తిరిగి పరిశీలిస్తే, బజారులో కొన్న సోడియం కార్బొనేట్‌లో 50 పీపీబీ (వంద కోట్లలో 50 వంతులు) స్థాయిలో ఉన్న పలేడియమే ఆ పని చేస్తోందని తేలింది. మీ బేస్ కూడా సోడియం కార్బొనేటే, కాబట్టి పలేడియం వేయకుండా ఒక బ్లాంక్ కూడా పక్కన పెట్టండి.